తిరుపతిలో ఇంట్లో ఒక గది బాడుగకిస్తున్నారా?

[తెరపై: ఇంటి గేటు, దానికి కట్టిన టూ-లెట్ అట్ట]

నమస్తే అండి. పిల్లలు బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోయారు, మిద్దె మీద గది ఖాళీగా ఉంది. తిరుపతిలో అలాంటి గదికి మనుషులు దొరకరన్న బెంగ లేదు. ఎవరికివ్వాలన్నదే తేల్చుకోవాలి.

చాలామందికి ముందు తోచేది యాత్రికులు. బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ రోజు లెక్కన ఇస్తే బోలెడు వస్తుంది కదా అని. మీరు కాపురముంటున్న ఇంట్లో మాత్రం ఇది వద్దంటాను. రాత్రి 2 గంటలకు లేచి దర్శనానికి బయల్దేరేవాళ్లు, అర్ధరాత్రి సామాన్లతో దిగేవాళ్లు, రోజుకో కొత్త ముఖం. పైగా రోజు లెక్కన ఇస్తే అది వ్యాపారం కిందికి వస్తుంది. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. ఒక్క గదే కదా అన్నా కుదరదు.

[తెరపై: అలిపిరి రోడ్డు, ఆసుపత్రుల బోర్డులు]

నెల బాడుగకైతే ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ విద్యార్థులున్నారు. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, టెక్నీషియన్లున్నారు. వచ్చినవాళ్లను కులం అడిగేకన్నా నైట్ డ్యూటీలుంటాయా, వంట చేసుకుంటారా, బండి ఎక్కడ పెడతారు అని అడగండి. రోజూ పనికొచ్చేవి అవే. ఆధార్ కాపీ, పనిచేసే చోటి వివరాలు తీసుకుని, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచండి.

ఇక అగ్రిమెంటు. "11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని ఊరంతా అంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం చాలా రాష్ట్రాల్లో అది నిజమే. మన దగ్గర కాదు. 1999లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టంలో లీజుల, అంటే బాడుగ ఒప్పందాల, సెక్షన్‌ను సవరించింది. గడువు ఎంతైనా సరే, లీజు పత్రం రిజిస్టర్ చేయాల్సిందే. చేయకపోతే రేపు గొడవై కోర్టుకెళ్లినప్పుడు అందులోని షరతులు చూపించి గెలవడం కష్టం. జిరాక్స్ షాపులో స్టాంపు పేపరు మీద టైపు చేయించిన కాగితం ఎవరేం ఒప్పుకున్నారో గుర్తుచేయడానికి పనికొస్తుంది, అంతవరకే. గట్టిగా నిలవాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.

[తెరపై: కరెంటు మీటరు, పక్కన చిన్న సబ్ మీటరు]

అసలు తగాదాలన్నీ కరెంటు దగ్గరే. మన గృహ కనెక్షన్లకు శ్లాబులున్నాయి, వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు రేటు ఎక్కువ. మీ ఇల్లు నెలకు 150 యూనిట్లు వాడుతోందనుకోండి. గదిలో ఏసీ గంటకు ఒక యూనిట్ చొప్పున రోజూ 8 గంటలు నడిస్తే నెలకు 240. మొత్తం 390. ఆ 240 పడేది ఖరీదైన శ్లాబుల్లోనే. బిల్లును యూనిట్ల లెక్కన సమంగా పంచితే మీ 150కి కూడా ఎక్కువ కట్టినట్టవుతుంది. పెరిగిన మొత్తమంతా వాళ్ల మీద వేస్తే "ఇంతా?" అంటారు. రెండు వైపులా న్యాయముంది. అందుకే ఆ గది వాడకాన్ని విడిగా చూపే సబ్ మీటరు పెట్టించి, యూనిట్‌కు ఎంత అన్నది దిగకముందే రాసుకోండి. నీళ్లకు కూడా ఒక మాట అనుకోండి. ఎండాకాలం ట్యాంకరు తెప్పిస్తే ఎవరి వాటా ఎంత?

పన్ను సంగతి చిన్నదే. బాడుగను ఇంటి ఆదాయంగా చూపించాలి. నెలకు 5,000 అయితే ఏడాదికి 60,000. అందులో 30 శాతం, అంటే 18,000 నేరుగా తీసేసి, 42,000నే లెక్కలోకి తీసుకుంటారు. ఆ గది వాటాకు మీరు కట్టిన ఇంటి పన్ను ఉంటే అది ముందే తీసేస్తారు. భోజనం కూడా పెడితే లెక్క మారుతుంది, ఆడిటర్‌ను అడగండి.

ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో పత్రంలో లేకపోతే, నెలవారీ బాడుగకు చట్టం చెప్పేది 15 రోజుల నోటీసు. విద్యార్థికైనా మీకైనా అది చాలదు, నెల అని రాయండి. వెళ్లే రోజు సబ్ మీటరు రీడింగ్ ఇద్దరూ కలిసి చూసి, మిగిలిన అడ్వాన్స్ అక్కడే ఫోన్‌పేలో వేసేయండి.