ముందు ఆపడం నేర్చుకోండి

శ్రోతలకు నమస్కారం.

రైలు అవుటర్‌లో ఆగిందంటే మన పెట్టెలో ఎవరో ఒకరు డ్రైవర్ని తిట్టడం మామూలే. నేనూ తిట్టినవాణ్ణే. ఇప్పుడు నోరు లేవడం లేదు. పోయిన వేసవిలో ఇంట్లో కంప్యూటర్ మీద రైలు నడపడం మొదలుపెట్టాను మరి. మొదటి రోజే నా బండి స్టేషన్లో ఆగకుండా ప్లాట్‌ఫాం మొత్తం దాటి వెళ్లిపోయింది. ఎక్కాల్సినవాళ్లు బొమ్మలు కాబట్టి బతికిపోయాను.

నేను వాడేది ఓపెన్ రైల్స్. విండోస్ కంప్యూటర్లో నడుస్తుంది, పైసా కట్టక్కర్లేదు. 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ట్రెయిన్ సిమ్యులేటర్ అని ఒక ఆటను అమ్మింది. రైలు పిచ్చి ఉన్నవాళ్లు దాని కోసం సొంతంగా ఇంజన్లూ రూట్లూ తయారుచేసి కుప్పలు పోశారు. ఆట పాతబడిపోయినా ఆ కష్టమంతా మూలన పడకూడదని కొందరు స్వచ్ఛందంగా పూనుకుని కొత్త ప్రోగ్రాం రాశారు. అదే ఓపెన్ రైల్స్. 2015లో 1.0 వెర్షన్ వచ్చింది. మన డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూడీఎం-3ఏ ఇంజన్లను కూడా మన దేశపు అభిమానులు ఇందులో నడిచేలా తయారుచేశారు.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఎక్కడంటే, ఇన్‌స్టాల్ చేసి తెరిస్తే లోపల ఒక్క బండీ కనిపించదు. పాడైపోయిందనుకుని తీసేస్తారు. అది పాడవలేదు. మీకొచ్చింది ఖాళీ షెడ్డు, అంతే. బండ్లు, పట్టాలు విడిగా తెచ్చుకోవాలి. ఓపెన్ రైల్స్ వెబ్‌సైట్లోనే ఉచితంగా నమూనా రూటు ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. జిప్ ఫైలు విప్పాక రూట్స్, ట్రెయిన్స్, గ్లోబల్ అనే ఫోల్డర్లు మూడూ పక్కపక్కనే ఉండాలి. ఒకదాని కడుపులో ఇంకొకటి దూరితే ప్రోగ్రాంకి ఏమీ కనపడదు. ఈ చిన్న సంగతి తెలియక నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది. ఆప్షన్స్‌లో ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపించి, తర్వాత ఎక్స్‌ప్లోర్ రూట్ ఎంచుకోండి. డీజిల్ ఇంజను, పగటి వేళ, పొడి వాతావరణం పెట్టుకోండి. రాత్రి, వాన, మంచు అన్నీ ఉన్నాయి, కానీ అప్పుడే ఆశపడకండి.

పెన్నూ కాగితం తీసుకోండి, మీటలు చెబుతాను. డబ్ల్యూ నొక్కితే బండికి ముందుకెళ్లే గేరు పడుతుంది. డీ నొక్కితే పవర్ పెరుగుతుంది, ఏ నొక్కితే తగ్గుతుంది. ఎంటర్ పక్కనున్న కొటేషన్ గుర్తుతో బ్రేకు పడుతుంది, దానికి ఎడమ పక్కనున్న సెమీకోలన్‌తో వదులుతుంది. స్పేస్ నొక్కితే కూత. మా ఇంట్లో పిల్లలు నేర్చుకున్నది ఈ ఒక్క మీటే. బండి కదలకపోతే కంగారు పడకండి, సాధారణంగా బ్రేకు వదలకపోవడమే కారణం.

బ్రేకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఆట అంతా అక్కడే ఉంది. రైలు పొడవునా బ్రేక్ పైప్ అని ఒక గొట్టం ఉంటుంది. మన రైళ్లలో దాన్ని చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నింపి ఉంచుతారు. గాలి పంపితే బ్రేకు పడుతుందని మనం అనుకుంటాం. నిజానికి గాలి తీసేస్తేనే పడుతుంది. పైపులో ఒత్తిడి తగ్గగానే ప్రతి పెట్టె కిందా ఉండే ట్యాంకులోని గాలి బ్రేకు సిలిండర్లోకి దూసుకెళ్లి చక్రాలను పట్టిస్తుంది. మీరు చైను లాగినప్పుడు బండి ఆగేది ఇందుకే. లాగగానే పైపులోంచి గాలి బయటికి పోతుంది. బండి మధ్యలో తెగిపోయినా పైపు ఊడి రెండు ముక్కలూ వాటంతటవే ఆగుతాయి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో తెచ్చిన పద్ధతి ఇది.

ఓపెన్ రైల్స్ ఈ గాలి లెక్కనంతా నిజంగానే వేస్తుంది. బ్రేకు నొక్కగానే బండి ఆగదు. ఆగలేదు కదా అని మనం మళ్లీ నొక్కుతాం, మళ్లీ నొక్కుతాం. తీరా ప్లాట్‌ఫాంకి అర కిలోమీటరు ముందే బండి నిలబడిపోతుంది. వదిలితే పైపు మళ్లీ నిండేదాకా కదలదు, పొడవాటి గూడ్సయితే మరీ ఆలస్యం. దిగుడులో ఇంకా టెన్షన్. వేస్తూ వదులుతూ ఉంటే ట్యాంకులు నిండే టైమ్ ఉండదు, చివరికి బ్రేకు నొక్కినా పట్టు చిక్కదు. ఒకసారి అలాగే నా గూడ్సు దిగుడులో చేజారిపోయింది. కుర్చీలో కూర్చున్న నాకు చెమటలు పట్టాయి.

కాబట్టి ఎఫ్4 నొక్కి ట్రాక్ మానిటర్ తెరిచి పెట్టుకోండి. ముందున్న సిగ్నలూ స్టేషనూ ఎంత దూరమో అందులో కనిపిస్తుంది. స్టేషన్ ఇంకా చాలా దూరం ఉండగానే పవర్ తీసేయండి. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం, బండి దానంతటదే దొర్లుకుంటూ పోతుంది. ఆ తర్వాత ఒకే ఒకసారి, తక్కువగా బ్రేకు వేసి చూస్తూ ఉండండి. వారం పాటు రెండు స్టేషన్ల మధ్యే తిరగండి. కొత్త రూట్లు ఎక్కడికీ పోవు.

నిన్న రాత్రి ఎనిమిది పెట్టెల ప్యాసింజరు తీసుకొచ్చి ఆపాను. ఒక్క పెట్టె మాత్రమే ప్లాట్‌ఫాం బయట ఉండిపోయింది. నా ఆనందం అంతా ఇంతా కాదు. వెనక నిలబడి చూస్తున్న మా ఆవిడ, "అయితే ఆ పెట్టెలోవాళ్లు కిందికి దూకాలా?" అంది.

ఈ రాత్రి మళ్లీ అదే బండి, అదే స్టేషన్. సెలవు.