నాఖ్‌మన్ ఇల్లు, ఆ కుర్చీ

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చెప్తే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోద్ది, ఏమనుకోకండి. హసీదీ తత్వం గురించి మాట్లాడమన్నారు, నేనేమో ఒక ఇంటి గురించి చెప్తా.

రబ్బీ, అంటే యూదు మతగురువు, నాఖ్‌మన్ ఇల్లు అది. ఈయన 1772లో మెజిబిజ్‌లో పుట్టాడు, ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. యూదుల్లో హసీదీ భక్తి ఉద్యమం మొదలెట్టిన బాల్ షెమ్ తోవ్ ఈయనకి ముత్తాత, అదీ అమ్మ ఫైగా వైపు నుంచి, మేనమామలిద్దరూ పేరున్న గురువులే, ఇంట్లో ఎటు తిరిగినా ఒక గురువు తగులుతాడు, ఇక పిల్లాడు ఆడుకునేదెక్కడ చెప్పండి! 13 ఏళ్లకే పెళ్లి. భార్య పేరు సోసియా. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఆయన బోధల మీద గంటలు గంటలు మాట్లాడేవాళ్లు ఈమెని ఒక్క ముక్కలో దాటేస్తారు, నాకదే మంట.

ఎనిమిదిమంది పిల్లలు పుడితే బతికి పెద్దయింది నలుగురు ఆడపిల్లలే. 1805లో కొడుకు పుట్టాడు, ష్లోమో ఎఫ్రాయిమ్. తండ్రి ఆశలన్నీ వాడి మీదే. 1806లో పోయాడు. సరిగ్గా ఆ ఎండాకాలమే ఈయన శిష్యులకి కథలు చెప్పడం మొదలెట్టాడు, మొదటిది తప్పిపోయిన రాకుమారి, ఆమెని ఏళ్ల తరబడి వెతికే మంత్రి. పండితులు దానికి చాలా అర్థాలు చెప్తారు, చెప్పనివ్వండి, నాకు మాత్రం బిడ్డ పోయిన తండ్రే కనపడతాడు. మరుసటేడు క్షయతో సోసియా పోయింది. తర్వాత ఆయనకీ అదే జబ్బు. 1810లో ఉమాన్‌లో కన్నుమూశాడు, 38 ఏళ్లు. గురుపీఠం కొడుక్కి రావడం అక్కడ మామూలు, ఇక్కడ కొడుకు లేడు, శిష్యులు ఇంకెవర్నీ కూర్చోబెట్టలేదు, ఇప్పటికీ.

కూర్చోవడం అంటే గుర్తొచ్చింది, 1808లో ఒకాయన ఈయనకి చక్కగా చెక్కిన చెక్క కుర్చీ ఇచ్చాడు. సోవియట్ రోజుల్లో దాన్ని ముక్కలుగా కోసి, ఉక్రెయిన్ దాటించి, జెరూసలేంలో మళ్లీ అతికించారు. చూడండి ఎంత పనో! మా నాన్న పోయాక ఆయన పడక్కుర్చీ మేమేం చేశాం? పాత సామాన్లాయనకి 200కి ఇచ్చేశాం. నవ్వకండి, బేరమాడింది నేనే, 150 అంటే ఒప్పుకోలేదు. నవారు మీద నాన్న వీపు ఆనిన చోట నూనె మరక కూడా ఉండేది.

ఏంటి సార్, టైమా? ఒక్క నిమిషం, ఆ ఆడపిల్లల పేర్లన్నా చెప్పనివ్వండి. అదిల్, సారా, మిరియం, ఖయా.