ఆ కుళాయి కట్టకండి అత్తయ్యా

అందరికీ నమస్కారం. బయట చలి ఎలా ఉందో నేను చెప్పక్కర్లేదు, ఈ పొద్దున కారు అద్దం మీద మంచు గీకినవాళ్లందరికీ తెలుసు. నేను షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాను. ఇవాళ ఇంట్లో పైపుల గురించి మాట్లాడతాను. పైపుల గురించి మాట్లాడ్డానికి ఏముంది, పాడైతే ప్లంబర్‌ని పిలుస్తాం అనుకునేవాళ్లు కాసేపు రేడియో కట్టేయకుండా ఉండండి, ఎందుకంటే 2019 జనవరి 30 దాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రోజు షికాగోలో ఉన్నవాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు. ఓహేర్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 31 సెల్సియస్. స్కూళ్లు మూసేశారు, పోస్టు రాలేదు, రైళ్లవాళ్లు పట్టాలు కలిసే చోట్ల గ్యాస్ మంటలు పెట్టి బండ్లు నడిపారు. ముందు రోజు రాత్రి టీవీలో చెప్పిన మాట విని వంటింటి సింకు కుళాయి సన్నగా కారేలా వదిలి పడుకున్నాను. పెద్ద పని చేశాననే అనుకున్నాను.

అప్పుడు మా అత్తయ్య మా దగ్గరే ఉన్నారు. ఆవిడది మార్కాపురం. ఎండాకాలం ట్యాంకర్ వచ్చిందని వినపడితే బిందెలు పట్టుకుని పరిగెత్తి, వంతు కోసం మాటామాటా అనుకుని నీళ్లు పట్టుకున్న మనిషి. రాత్రి రెండింటికి మంచినీళ్లు తాగుదామని లేచారు, చూస్తే కుళాయి కారుతోంది. ఇంకేం చేస్తారు? గట్టిగా కట్టేశారు. పొద్దున నేను వంటింట్లోకి రాగానే, "కుళాయి సరిగ్గా కట్టుకోవడం కూడా చూసుకోకపోతే ఎట్లమ్మా, రాత్రంతా నీళ్లు పోతున్నాయి, నేనే లేచి కట్టా" అన్నారు. నేను వెళ్లి కుళాయి తిప్పాను. ఒక్క చుక్క రాలేదు.

కుళాయి ఎందుకు వదలమంటారో నాకూ అప్పుడు సరిగ్గా తెలీదు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి పైపు చీలిపోతుంది అనుకునేదాన్ని. ఇల్లినాయ్ యూనివర్సిటీలో దీని మీద పరిశోధన చేశారు. వాళ్లు చూసిందేమిటంటే, పైపు మామూలుగా గడ్డకట్టిన చోట పగలదు. గడ్డ పెరిగేకొద్దీ తన ముందున్న నీళ్లని కుళాయి వైపు నెడుతుంది, కుళాయి కట్టేసి ఉంటే ఆ నీళ్లకి దారి ఉండదు, ఒత్తిడి పెరిగి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. అంటే కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతున్నా చాలు, ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. ఒకవేళ లోపల గడ్డకట్టినా పైపు బతికిపోవచ్చు. బయట 20 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్‌కి పడిందంటే గోడల్లో చలి తగలకుండా ఏమీ చుట్టని పైపులకి గండం మొదలైనట్టే. చన్నీళ్లదే కాదు, వేణ్నీళ్ల పైపు కూడా గడ్డకడుతుంది, రెండూ వదలాలి. బయటి గోడని ఆనుకున్న సింకు, గ్యారేజీ మీదున్న బాత్రూమ్, ముందు అనుమానించాల్సినవి ఇవే. సింకు కింద అలమర తలుపులు తీసి పెడితే ఇంట్లో వెచ్చదనం పైపులకి కాస్త తగులుతుంది.

సరే, మా వంటింటికి వద్దాం. మా ఆయన హెయిర్ డ్రయ్యర్ తెచ్చారు. కుళాయి తెరిచే ఉంచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా గోడ వైపుకి కాచుకుంటూ వెళ్లాలి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీళ్లు, ఆవిరి రెండు గడ్డల మధ్య ఇరుక్కుంటాయి. గ్యాస్ టార్చితో కాల్చే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, గోడ లోపలున్నది చెక్క. ఒక అరగంటకి కుళాయి గొంతులోంచి గరగరమని చప్పుడు వచ్చింది, తర్వాత నీళ్లు. నేను చప్పట్లు కూడా కొట్టాను. ఆ చప్పట్లు ఆగకముందే అలమర వెనకాల గోడలోంచి స్స్‌మని శబ్దం, ఇంతలో కాళ్ల కింద తడి.

పైపు రాత్రే చీలింది. గడ్డే ఇంతసేపూ దానికి బిరడాగా ఉంది, మేం దగ్గరుండి ఆ బిరడా కరిగించాం.

మన ఊళ్లో పైపు పగిలితే ఏమవుతుంది? డాబా మీద ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారుతుంది. మోటారు వేయకపోతే అయిపోయింది, గోల లేదు. మనలో చాలామందికి నీళ్లంటే ఆ లెక్కే, ఎక్కడో ఒకచోట అయిపోతాయి. ఇక్కడ మీ ఇంటి పైపు వెనకాల ట్యాంకు లేదు, ఊరి నీళ్లు మొత్తం ఒత్తిడితో సహా నిలబడి ఉన్నాయి. పైపులో అంగుళంలో ఎనిమిదో వంతు చీలిక ఉంటే రోజుకి 250 గ్యాలన్ల దాకా పోతాయని ఇన్సూరెన్స్ వాళ్లు చెబుతారు. అంటే సుమారు 950 లీటర్లు, డాబా మీది పెద్ద నల్ల ట్యాంకు ఒకటి మీ వంటింట్లో ఒంపినట్టు. ఆ తర్వాత కూడా ఆగవు. అందుకే ప్లంబర్ నంబరు తర్వాత వెతుక్కోవచ్చు, ముందు తెలియాల్సింది మెయిన్ వాల్వ్ ఎక్కడుందో.

మాకు తెలీదు. ఆ ఇంట్లో రెండేళ్లుగా ఉంటున్నాం, ఆ మూలకి వెళ్లి చూసింది లేదు. మా ఆయన బేస్‌మెంట్‌లోకి పరిగెత్తారు, అత్తయ్య తువ్వాళ్లు, దుప్పట్లు ఏది దొరికితే అది వేసి నీళ్లకి ఆనకట్ట కడుతున్నారు, నేను కింద నీళ్ల మీటరు ఎక్కడుందో వెతుకుతున్నాను. మామూలుగా వీధి వైపు గోడలోంచి పైపు లోపలికి వచ్చే చోట మీటరు ఉంటుంది, దాని పక్కనే వాల్వ్. మా ఇంట్లో అది రెండు బియ్యం మూటలు, నాలుగు ఖాళీ సూట్‌కేసులు, బొమ్మల కొలువు మెట్ల చెక్కలు, వీటి వెనకాల ఉంది. అన్నీ లాగి పడేసి చూస్తే గుండ్రటి చక్రం ఉన్న పాతకాలం వాల్వ్, ఏళ్ల తరబడి ఎవరూ తిప్పక బిగుసుకుపోయింది. ఇలాంటిదాన్ని బలమంతా పెట్టి మెలితిప్పితే కాడ విరిగి చేతికొస్తుంది. కాస్త అటు, కాస్త ఇటు, మళ్లీ అటు అంటూ బుజ్జగించాలి. మాది చివరికి దిగింది. దిగకపోతే ఊరి నీళ్ల విభాగం ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయాలి, వాళ్లు వచ్చి పొడుగాటి తాళంచెవి లాంటి పనిముట్టుతో ఇంటి ముందు నేలలో ఉన్న వాల్వ్ కట్టేస్తారు. దాన్ని ఇక్కడ బఫెలో బాక్స్ అంటారు. గేదెకీ దానికీ ఏ సంబంధమూ లేదు, బఫెలో ఊరి పేరు మీద వచ్చిందంటారు.

మెయిన్ కట్టేశాక అన్నిటికంటే కింద ఉన్న కుళాయి, మా ఇంట్లో లాండ్రీ సింకుది, తెరిచేయండి, పైపుల్లో మిగిలిన నీళ్లు చీలిక దగ్గర కాకుండా అక్కడ దిగిపోతాయి. నీళ్లు కాచేది గ్యాస్ హీటరైతే దాని గుండీని పైలట్ మీదకి, అంటే సన్న మంట మాత్రమే ఉండే చోటుకి తిప్పండి. కరెంటు సంగతి గట్టిగా చెబుతున్నాను, బేస్‌మెంట్‌లో నీళ్లు నిలిచి ఉంటే ఆ నీళ్లలో నడిచి బ్రేకర్ పెట్టె దగ్గరికి వెళ్లకండి. కింద పడ్డ సామాను పోతే పోయింది. సీలింగ్ పొట్టలా ఉబ్బి కిందికి దిగుతుంటే, దాని కింద బకెట్టు పెట్టి, పక్కకి నిలబడి స్క్రూడ్రైవర్‌తో చిన్న కన్నం పెట్టండి, లేకపోతే మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. ఫోటోలు తీశాకే తుడవడం మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లు మెయింటెనెన్స్ వాళ్ల రాత్రి నంబరు ఫోన్‌లో ఇవాళే పెట్టుకోండి, ఆఫీసు నంబరు కాదు.

మా ప్లంబర్ మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు, ఆ వారం ఊరంతటిదీ ఇదే గోల. ఆయన కోసి తీసిన రాగి పైపు ముక్క ఇప్పటికీ నా వంటింటి సొరుగులో ఉంది. ఎలుకని మింగిన పాములాగా మధ్యలో ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బు మీద గోరంత చీలిక. అంతే. ఆ గోరంత దానికి వంటింటి నేల మొత్తం మార్చాం. పనిలో పనిగా పాత చక్రం వాల్వ్ తీయించి, పావు తిప్పు తిప్పితే ఆగిపోయే పిడి ఉన్నది పెట్టించి, దానికి ఎర్ర రిబ్బను కట్టాను. దసరాకి దానికి బొట్టు కూడా పెట్టాను, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇప్పుడు సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లకి ఒక మాట. ఎవరూ ఉండరు కదా, బిల్లు మిగులుతుందని హీటింగ్ ఆపేసి వెళ్లకండి. 55 ఫారెన్‌హీట్ కంటే, అంటే 13 సెల్సియస్ కంటే కిందికి పెట్టొద్దు. హీటింగ్ ఆపేసిన ఇంట్లో పైపు పగిలితే చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. మెయిన్ వాల్వ్ కట్టేసి కుళాయిలు తెరిచి నీళ్లు దించేయండి, తాళం చెవి పక్కింటివాళ్లకిచ్చి వారానికోసారి చూడమనండి. తోటలో గొట్టం కుళాయికి అలాగే వదిలేస్తే లోపల నీళ్లు నిలిచి గడ్డకడతాయి, అది చీలిన సంగతి ఏప్రిల్‌లో మొక్కలకి నీళ్లు పెట్టబోయేదాకా తెలీదు. ఇదంతా మంచు ఊళ్లకే అనుకోవద్దు, 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడితే అటక మీద వేసిన పైపులు పగిలి ఎంతమంది ఇళ్లలో సీలింగులు కూలాయో అక్కడి మనవాళ్లనడగండి.

మా అత్తయ్య ఆ రోజు కుళాయి కట్టినందుకే ఇదంతా అయిందని విని ఒక పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం స్టీలు గంగాళం ఒకటి తెచ్చి సింకులో పెట్టారు. "వదలమంటే వదులుతా, కానీ నీళ్లు పారబోయను" అన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో చలిరాత్రుల్లో కారిన నీళ్లతోనే తులసి కుండీ, పొద్దున వంట. ఇప్పుడావిడ మార్కాపురంలో ఉన్నారు. ఫోన్‌లో షికాగో వాతావరణం పెట్టుకుని, మైనస్ పడిన రోజు వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తారు. బాగున్నావా అని అడగరు. "ఏదీ, సింకు చూపించు" అంటారు.