చెనిక్కాయ విత్తనం దాచుకుంటాం, మరి పత్తి గింజ ఎందుకు దాచుకోం?

అందరికీ నమస్కారం. మొన్న ఆదోని మార్కెట్ యార్డు దగ్గర టీ తాగుతుంటే ఒక తమ్ముడు పట్టుకున్నాడు. "అన్నా, చెనిక్కాయ విత్తనం మేమే ఇంట్లో దాచుకుంటాం, బాగానే పండుతుంది. పత్తికి మాత్రం ఏటా ప్యాకెట్ కొనాల్సిందే అంటారు. ఇది కంపెనీల మాయ కాదా?" అన్నాడు. రేటు సంగతి వేరే మాట్లాడుకుందాం గానీ, దాచుకున్న గింజ సరిగ్గా రాకపోవడంలో మాయ లేదు. అదెందుకో చూడాలంటే ముందు చెనిక్కాయ పువ్వు దగ్గరికి పోవాలి.

చెనిక్కాయ అన్నా, బుడ్డలు అన్నా, పుస్తకాల్లో వేరుశనగ అన్నా ఒకటే. దాని పసుపు పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. కింది రేకులు పడవలా కలిసి ఉంటాయి. గోటితో మెల్లగా విప్పి చూడండి. మగ భాగాలు, ఆడ భాగం లోపల ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. పువ్వు విచ్చుకునే వేళకే పుప్పొడి పడిపోయి ఉంటుంది. తేనెటీగ వచ్చేసరికి ఇక్కడ పెళ్లి అయిపోయి ఉంటుందన్నమాట! ఆ తర్వాత ఊడ బయలుదేరి మట్టిలోకి దిగుతుంది. దాని కొసనే కాయ కడుతుంది. వేరుకు కాసింది అనుకుంటాం గానీ అది వేరు కాదు, పువ్వు అడుగున ఉన్న పిందెనే ఊడ నేలలోకి మోసుకుపోతుంది.

అంటే ఈ మొక్కకు తల్లీ తనే, తండ్రీ తనే. దాంతో ఏమవుతుంది?

జన్యువులను చీటీలు అనుకోండి. ప్రతి లక్షణానికీ మొక్క దగ్గర రెండు చీటీలు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పిల్లకు ఇచ్చేటప్పుడు రెండూ ఇవ్వదు, ఒకటే ఇస్తుంది. ఏది ఇస్తుందో బొమ్మా బొరుసా వేసినట్టే. రెండు చీటీల మీదా ఒకే మాట రాసి ఉంటే ఏది ఇచ్చినా తేడా లేదు. తనలో తను కలిసే మొక్కలో, వేర్వేరు మాటలున్న జతలు తరానికి సగం చొప్పున తగ్గిపోతాయి. నూటికి నూరు ఉన్నవి యాభై, తర్వాత ఇరవై ఐదు. ఏడెనిమిది తరాలకు నూటికి ఒక్కటి కూడా మిగలదు. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-సిక్స్ లాంటి రకాలు అలా స్థిరపడినవే. అందుకే దాచుకున్న గింజ అమ్మ పోలికే. వేరే రకం కాయలు కలవకుండా చూసుకోవాలి, అంతే.

ఇప్పుడు పత్తి. నంద్యాల, కర్నూలు వైపు సీడు పత్తి చేలకు పోయినవాళ్లకు తెలుసు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజే పట్టుకుని మగ భాగాలు గీకి తీసేస్తారు. మరుసటి పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడి రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ చేత్తోనే. నడుము వంచి ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, ప్యాకెట్ మీద ఆ సంగతి ఎవరూ రాయరు. ఇలా రెండు రకాలు కలిపి తీసిన గింజనే హైబ్రిడ్ అంటారు. ప్రపంచంలో మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్-4 కూడా మన దేశంలోదే, 1970లో సూరత్‌లో తయారైంది.

ఇలా వచ్చిన గింజలో తల్లి చీటీ ఒకటి, తండ్రి చీటీ ఇంకొకటి. చేనంతా అదే జత కాబట్టి మొక్కలన్నీ ఒకే ఎత్తు, ఒకే జోరు. చిక్కు ఆ చేను గింజ దాచి విత్తినప్పుడు వస్తుంది.

మెండెల్ అనే మఠం సన్యాసి ఇప్పటి చెక్ దేశంలోని బ్రనోలో బఠాణీలతో ఇదే చూశాడు. గుండ్రటి గింజను, ముడతల గింజను కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే. వాటిని తమలో తాము కలవనిస్తే గుండ్రటివి 5,474, ముడతలవి 1,850 వచ్చాయి. గుండ్రటివి మూడు ఉంటే ముడతలది ఒకటి! దాక్కున్న చీటీ మళ్లీ బయటపడింది. 1866లో అచ్చువేశాడు గానీ 1900 దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పాపం, ఆయన 1884లోనే పోయాడు.

ఈ లెక్కనే మన చేలోకి తెద్దాం. కాయతొలిచే పురుగును తట్టుకోవడానికి పత్తిలో పెట్టిన బీటీ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందనుకోండి. దాచిన గింజ విత్తితే సుమారు నాలుగు మొక్కల్లో ఒకదానికి ఆ జన్యువే ఉండదు. కాయతొలిచే పురుగు సరిగ్గా దాని మీద పడుతుంది. ఎత్తు, కాయ సైజు, దూది పొడవు కూడా ఇలాగే చెల్లాచెదురు. మా మామ ఒకసారి రెండెకరాల్లో వేసి చూశాడు. ఒక మొక్క భుజం దాకా, పక్కది మోకాలి దాకా. "పెళ్లి ఫోటోలో చుట్టాలు నిలబడినట్టుంది" అని ఆయనే నవ్వుకున్నాడు, తర్వాత అప్పు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మరి అనంతపురం చీనీ, అదే బత్తాయి? అక్కడ ఈ చీటీల గొడవే లేదు. మంచి చెట్టు కన్ను, అంటే చిగురు మొగ్గ, తీసి రంగపూర్ నిమ్మ మొక్కకు అంటు కడతారు. ఆ కన్ను నుంచి పెరిగిందంతా పాత చెట్టే. ఒకే చెట్టు కన్నులతో తోట వేస్తే, పైభాగం వరకు వంద చెట్లన్నా జన్యువుల లెక్కలో ఒక్కటే. ఇంకో వింత ఉంది. జ్యూస్ తీశాక పారేసే చీనీ గింజ ఒకటి కుండీలో వేసి చూడండి. చాలాసార్లు ఒకే గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ మొలకలు పుప్పొడి చీటీ కలవకుండా, అచ్చంగా తల్లి కణాల నుంచి పుట్టినవే.