తెలుగు బైబిల్ ఏది కొనాలి? చదవడానికి ఒకటి, స్టడీకి ఒకటి

అందరికీ వందనాలు. "అన్నా, తెలుగులో ఏ బైబిల్ తీసుకోమంటారు?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మన పెద్దవాళ్లకు ఈ ప్రశ్నే లేదు. తెలుగు బైబిల్ అంటే బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ల పరిశుద్ధ గ్రంథము, అంతే. యాప్‌లలో ఓ.వి. (ఓల్డ్ వెర్షన్, అంటే పాత అనువాదం) అని కనిపించేది అదే. ఇప్పుడేమో ఫోన్‌లో వెతికితే నాలుగైదు వస్తాయి, ఏది నొక్కాలో తెలియదు.

ఈ రోజు మూడింటి గురించి మాట్లాడుకుందాం. ఒకటి ఓ.వి. రెండోది పవిత్ర బైబిల్, ఈజీ టు రీడ్ వెర్షన్ అంటారు. మూడోది ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, ఐ.ఆర్.వి. క్యాథలిక్ సోదరుల బైబిల్ వేరే, అందులో 73 పుస్తకాలు ఉంటాయి కాబట్టి దాని గురించి విడిగా మాట్లాడాలి.

మనవాళ్లు సాధారణంగా ఏమంటారు? "ఓ.వి. చర్చికి, కొత్తవి అర్థం చేసుకోవడానికి" అంటారు. నేను దాన్ని తిరగేసి చెప్తాను. పుస్తకం మొత్తం గబగబా చదవాలంటే కొత్తది తీసుకోండి. పెన్సిల్ పట్టుకుని కూర్చుని స్టడీ చేయాలంటే ఓ.వి. తీసుకోండి. ఎందుకో చూపిస్తాను.

ముందు ఈజీ టు రీడ్. దీని వెనక ఒక కథ ఉంది. ఇంగ్లీష్‌లో ఈ అనువాదాన్ని మొదట చెవిటివారి కోసం తయారుచేశారు. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు, మెలికలు లేకుండా. తెలుగులోనూ అదే పద్ధతి. 23వ కీర్తన చూడండి. ఓ.వి.లో "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు". ఇందులో "నాకు కొరత ఉండదు". అర్థంలో తేడా లేదు, కానీ రెండోది పదేళ్ల పిల్లాడు కూడా ఎవరినీ అడగకుండా చదువుకుంటాడు. సమూయేలు, రాజులు, ఎస్తేరు లాంటి కథ ఉన్న పుస్తకాలకు ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టి, కూడబలుక్కుని తెలుగు చదివే పిల్లలకు నేను ఇదే ఇస్తాను, రెండో ఆలోచన లేదు.

ఇప్పుడు ఓ.వి. దీని భాష మీద ఫిర్యాదులు మీకు తెలిసినవే. "పరుండజేయుచున్నాడు", "ఉపేక్షించినందున"... ఇలా ఎవరూ మాట్లాడరు. నిజమే. పౌలు పత్రికల్లో, అంటే ఆయన సంఘాలకు రాసిన ఉత్తరాల్లో అయితే ఒక్కోసారి వాక్యం ఎక్కడ మొదలైందో మరిచిపోయాక క్రియ వస్తుంది. అది సగం పౌలు గారి పుణ్యమే లెండి. ఎఫెసీ మొదటి అధ్యాయంలో 3 నుంచి 14 వరకు గ్రీకులో ఒకటే వాక్యం.

కానీ స్టడీకి వచ్చేసరికి చూడండి. రోమా 3:25 తెరవండి. దేవుడు క్రీస్తును "కరుణాధారముగా బయలుపరచెను" అని ఉంటుంది. కరుణాధారం అంటే ఏంటి? చాలామంది దాటేసి వెళ్లిపోతారు. అక్కడ ఆగండి. ఇప్పుడు నిర్గమకాండము 25:17కి వెళ్లండి. మందసం, అంటే దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, దాని మీద పెట్టే మూత, మేలిమి బంగారంతో చేసేది, దాని పేరు "కరుణాపీఠము". హెబ్రీ 9:5లోనూ అదే పేరు. గ్రీకులో రోమా 3:25లోనూ, హెబ్రీ 9:5లోనూ ఉన్నది ఒకటే మాట, హిలస్తేరియోన్. ఓ.వి. అనువాదకులు రెండు చోట్లా అచ్చంగా ఒకే మాట పెట్టలేదు, పీఠాన్ని ఆధారం చేశారు. అయినా "కరుణా" అన్న ముక్క మిగిల్చారు. దాన్ని పట్టుకుని వెళ్తే చాలు, పౌలు రోమీయులకు రాస్తూ ప్రాయశ్చిత్త దినాన, అంటే ఏడాదికోసారి ప్రజల పాపాల కోసం బలి అర్పించే రోజున, ఆ మూత మీద రక్తం ప్రోక్షించే సంగతి గుర్తుచేస్తున్నాడని దొరుకుతుంది. సులభమైన అనువాదాలు ఇలాంటి చోట తరచుగా మాటను వదిలేసి భావం చెప్తాయి. చదువుతుంటే హాయిగా ఉంటుంది గానీ, దారం తెగిపోతుంది.

ఇంకో కారణం ఉంది. జనవరి ఒకటిన వాగ్దానం కార్డు తీస్తాం కదా, అందులో ఉండేది ఎక్కువగా ఓ.వి. వచనమే. గోడ క్యాలెండర్ మీదా అదే, సండే స్కూల్‌లో కంఠత పట్టించేదీ అదే. ఒక మాట చూడగానే ఇంకో వచనం తలలో మోగాలంటే, కంఠత వచ్చిన అనువాదంలోనే స్టడీ చేయాలి.

ఓ.వి.లో నాకు నిజంగా చిరాకు తెప్పించేది భాష కాదు, ఫోన్‌లో దాన్ని వెతకడం. కొన్ని యాప్‌లలో మాటలు మధ్యలో విరిగి ఉంటాయి. "సాక్ష్యమిచ్చువాడు" అని వెతికితే దొరకదు, ఎందుకంటే అక్కడ "సాక్ష్య మిచ్చువాడు" అని మధ్యలో ఖాళీ ఉంటుంది. అందుకే సగం మాట టైప్ చేసి వెతకండి.

ఇక ఐ.ఆర్.వి. ఇది రెండింటికీ మధ్యలో ఉంటుంది. వచనం వెనక వచనం ఓ.వి. దారిలోనే నడుస్తుంది, భాష మాత్రం ఇప్పటిది. ఓ.వి. వాక్యంలో ఇరుక్కుపోయినప్పుడు పక్కన ఇది తెరిస్తే బయటపడతాం. లైసెన్స్ కూడా ఉచితం, కాబట్టి కూడికకు పాఠం తయారుచేసుకునే వాళ్లు నిశ్చింతగా ప్రింట్ తీసుకోవచ్చు. ఒక్క అనువాదమే ఉంచుకోమంటే, కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వాళ్లకు నేను ఇదే చెప్తాను.

చిన్న పిడకల వేట. మన దగ్గర ఈ పని ఇవాళ్టిది కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో సువార్తలు అనువదించారు. శ్రీరాంపూర్‌లో మిషనరీ విలియం కేరీ గారి బృందం 1818లో కొత్త నిబంధన అచ్చేసింది. "మా చిన్నప్పటి బైబిలే అసలు బైబిల్" అని గట్టిగా వాదించే అంకుల్స్‌కి ఈ తేదీలు చూపించండి.

కొనేటప్పుడు రెండు మాటలు. రిఫరెన్స్ ఉన్న ఓ.వి. తీసుకోండి, పక్క వచనాల సూచనలు లేకపోతే నేను ఇప్పుడు చేసిన పని మీకు కష్టం. షాపులో జిప్ కవర్ చూసి మురిసిపోకండి, మధ్యలో తెరిచి ఒత్తులు విడిగా కనిపిస్తున్నాయా లేదా చూడండి. "క్ష" కింద వత్తు ముద్దైపోతే అమ్మమ్మ గారు చదవలేరు, ఆవిడకు పెద్ద అక్షరాలదే కొనండి, బరువైనా పర్లేదు, ఎలాగూ టేబుల్ మీదే ఉంటుంది.