డెడ్ మ్యాన్: తెర నల్లబడిన ప్రతిసారీ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పి మొదలుపెడతాను. ఈరోజు నేను మాట్లాడబోయే బ్లూ-రే డిస్కును, విదేశీ సినిమాల డిస్కులు తెప్పించి అమ్మే ఒక వ్యాపారి నాకు ఉచితంగా పంపారు. నేను డబ్బు తీసుకోలేదు, ఏం చెప్పాలో వారు అడగనూ లేదు.

1995లో అమెరికా దర్శకుడు జిమ్ జార్ముష్ నలుపు-తెలుపుల్లో తీసిన కౌబాయ్ కాలపు సినిమా ‘డెడ్ మ్యాన్’ కథ, నటీనటుల వివరాలు, డిస్కులోని అదనపు విశేషాలు మీరు ఇప్పటికే ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. క్లీవ్‌లాండ్ నుంచి మెషీన్ అనే ఊరికి ఉద్యోగం కోసం వచ్చిన విలియం బ్లేక్ అనే లెక్కల గుమస్తా, గుండె పక్కన తూటాతో, నోబడీ అనే అమెరికా మూలవాసి తోడుగా పడమటి సముద్రం దాకా చేసే ప్రయాణం ఇది అని గుర్తుచేస్తే చాలు.

నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది ఈ సినిమాలోని నలుపు గురించి. ఇందులో చాలా సన్నివేశాలు కోసినట్టు ఆగిపోవు. బొమ్మ మెల్లగా మసకబారి, తెర పూర్తిగా నల్లబడి, కొన్ని క్షణాలు అలాగే ఉండి, ఆ తర్వాతే మరో చోట వెలుగు వస్తుంది. పన్నెండేళ్ళ కిందట నేను కొన్న పాత డీవీడీలో ఆ నలుపు బూడిద రంగులో కనిపించేది. అందుకే అప్పుడు నాకు ఆ విరామాలు సాగదీతగా తోచాయి, సగంలోనే ఆపేశాను కూడా. ఈ డిస్కులో అదే నలుపు దీపపు మసితో పట్టిన కాటుకలా చిక్కగా ఉంది. గదిలో దీపాలన్నీ ఆర్పి చూస్తే తెర అంచు ఎక్కడుందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, రక్తం పోతూ స్పృహ తప్పి మళ్ళీ తేరుకునే మనిషి కళ్ళు మూసుకుని తెరుచుకుంటున్నట్టుగా ఈ సినిమాను కూర్చారని. ఛాయాగ్రాహకుడు రాబీ ముల్లర్ పనితనం గురించి అందరూ బూడిద రంగు ఛాయలను, అడవిలోని బూరుగుదూది లాంటి తెల్లని వెలుగును మెచ్చుకుంటారు, అది న్యాయమే. కానీ నా మనసు మాత్రం ఏ బొమ్మా లేని ఆ క్షణాల దగ్గరే నిలిచిపోయింది.

ఆ చీకటిలో మనకు తోడుండేది రాక్ సంగీతకారుడు నీల్ యంగ్ గిటార్. ఆయన ముందుగా బాణీలు రాసుకోకుండా, సినిమాను చూస్తూ అప్పటికప్పుడు వాయించిన సంగీతమిది, అందులో ఎక్కువ భాగం ఒకే ఒక ఎలక్ట్రిక్ గిటార్. ఒక తీగను గట్టిగా మీటి, దాని మోత దానంతట అది అణిగిపోయేదాకా వదిలేస్తారు. బొమ్మ పోయిన తర్వాత కూడా ఆ మోత గదిలో తిరుగుతూ ఉంటే, ఒక్కొక్కసారి నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

మరొక విషయం. మూలవాసులు క్రీ, బ్లాక్‌ఫుట్ వంటి తమ భాషల్లో మాట్లాడేటప్పుడు కింద ఉపశీర్షికలు రావు. నేను రిమోట్ తీసుకుని రెండు మూడు సార్లు సెట్టింగుల్లో వెతికాను, తర్వాత తెలిసింది అది దర్శకుడి నిర్ణయమే అని. ఆ మాటలు ఆ భాషల వారికే పూర్తిగా అందుతాయి, మిగతా లోకమంతా కాసేపు బయట నిలబడుతుంది. పరాయి భాషల సినిమాలను ఎప్పుడూ కింది అక్షరాల సాయంతోనే చూసే నాకు ఆ నిర్ణయం మీద ఎంతో గౌరవం కలిగింది.

నచ్చనిది కూడా చెప్పాలి. బ్లేక్‌ను వెంటాడే ముగ్గురు కిరాయి హంతకుల సన్నివేశాలు నాకు విసుగు పుట్టించాయి. వారిలో ఒకడి ఆగని వాగుడు, మరొకడి క్రూరత్వం ఒకటి రెండుసార్లకే అర్థమైపోతాయి, ఆ తర్వాత వారు వచ్చినప్పుడల్లా నోబడీ దగ్గరికి తిరిగి వెళ్ళాలని నా మనసు తొందరపడింది. గ్యారీ ఫార్మర్ ఆ పాత్రలో అంతగా జీవించారు.

ఇక ప్రేక్షకుల సంగతి. 1995 కాన్ చిత్రోత్సవంలో పోటీకి నిలిచి, మరుసటి ఏడాది అమెరికాలో విడుదలైన ఈ సినిమా, సుమారు 90 లక్షల డాలర్లతో తీస్తే అక్కడ 10 లక్షలకు కాస్త పైన మాత్రమే వసూలు చేసింది. అమెరికా సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకు ఒకటిన్నర నక్షత్రాలే ఇచ్చారు. జొనాథన్ రోజెన్‌బామ్ అనే మరో విమర్శకుడు దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఇంత తేడా ఎందుకొచ్చిందో నాకు మా ఇంట్లోనే తెలిసింది. గత నెలలో విజయవాడలో మా వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఈ డిస్కు వేశాను. మా బాబాయి 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసి కౌబాయ్ సినిమాలంటే ప్రాణం పెట్టిన మనిషి. నలభై నిమిషాలు ఓపికగా చూసి, “ఒరేయ్, ఇతను ఎప్పుడు తిరగబడతాడురా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ సినిమాలో తుపాకీ ఎవరికీ అందాన్నివ్వదు. బ్లేక్ మొదటిసారి కాల్చినప్పుడు చేతులు వణికి గురి తప్పుతుంది, రైలు ప్రయాణికులేమో కిటికీల్లోంచి అడవిదున్నలను కారణం లేకుండా కాల్చేస్తుంటారు. వీరుడి కోసం ఎదురుచూసే ప్రేక్షకుడికి ఇది అన్యాయంగా తోచడం సహజం, ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. అయినా నా తీర్పు రోజెన్‌బామ్ పక్షమే. ఈ డిస్కును కొనండి, చూసేటప్పుడు టీవీలో వెలుతురును తనంతట తానే పెంచే సెట్టింగును తప్పక తీసేయండి.

బాబాయి లేచి వెళ్ళిపోయారు గానీ మా అమ్మ కదలలేదు. చివర్లో నోబడీ బ్లేక్‌ను దేవదారు కొమ్మలు పరిచిన పడవలో పడుకోబెట్టి, పొగాకు చేతికిచ్చి, నీళ్ళలోకి నెడుతున్నప్పుడు, “సాగనంపుతున్నాడురా” అంది. పేర్లు పడడం మొదలుకాగానే నేను దీపం వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఆ గిటార్ పూర్తిగా ఆగేదాకా అలాగే చీకట్లో కూర్చుంది.