తూముకాడికి నీళ్లొస్తేనే షట్టరు: క్లౌడ్ ఫైర్‌వాల్ రూల్స్ ముచ్చట

హోస్ట్: అందరికి నమస్తే. హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. ఈ మధ్య చానమంది నన్ను ఒకటే తీరు ప్రశ్న అడుగుతున్నరు. "క్లౌడ్‌ల ఫైర్‌వాల్ మిషన్ లేపినం, రూల్స్ రాసినం. అయినా అది ఏం ఆపుతలేదు, లేకపోతే అన్నీ ఆపుతున్నది." ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్‌ల ఏది పోవాలె, ఏది ఆగాలె అని చూసే కావలి. దాని ముచ్చట చెప్పెతందుకు ఇవాళ అక్క వచ్చింది. నెట్‌వర్క్ ఇంజనీర్. హైదరాబాద్‌ల చాన ఏండ్లు చేసి, ఇప్పుడు హన్మకొండ నుంచే చిన్న వ్యాపారాలోళ్ల సర్వర్లు, ఫైర్‌వాల్‌లు చూసుకుంటున్నది. అక్కా, ఛాయ్ తాగినవా?

అక్క: తాగిన తమ్మీ. అందరికి నమస్తే.

హోస్ట్: సీదా అడుగుత. రూల్స్ అన్నీ సక్కగనే ఉన్నయి. అయినా ఫైర్‌వాల్ ఎందుకు పనిచేస్తలేదు?

అక్క: ఎవలన్నా గట్ల పిలిస్తే నేను మొదలు రూల్స్ చూడ. రూట్ టేబుల్ చూస్త, అంటే ఏ అడ్రస్‌కు పోయేది ఏ తొవ్వల పోవాలె అని రాసిన పట్టీ. మన దిక్కు చెరువులు చూసి పెరిగినోళ్లకు ఇది తొందరగ అర్థమైతది. నీళ్లు తూముకాడికి వస్తేనే నీరటి షట్టరు ఎత్తినా దించినా లెక్కల ఉంటది. ఇంకో దిక్కు గండి పడి నీళ్లు అటే పోతుంటే తూము మీద రాత్రంతా కూసున్నా ఏమైతది? ఆఫీసుల అయితే ఇంటర్నెట్ కేబుల్ తెచ్చి ఫైర్‌వాల్ డబ్బాల గుచ్చుతం, ఇంకో కేబుల్ స్విచ్‌కు పోతది. తప్పించుకొని పోయే తొవ్వే లేదు. క్లౌడ్‌ల కేబుల్ లేదు. ఫైర్‌వాల్ కూడా మిగతా సర్వర్ల లెక్కనే ఒక వర్చువల్ మిషన్. సర్వర్ పక్కన పెట్టినంత మాత్రాన ట్రాఫిక్ దాంట్లకెల్లి పోదు. పొమ్మని మనం చెప్పాలె.

హోస్ట్: ఎట్ల చెప్తం?

అక్క: సర్వర్లున్న సబ్‌నెట్ (నెట్‌వర్క్‌ల ఒక ముక్క) రూట్ టేబుల్‌ల 0.0.0.0/0 అని ఒక లైను ఉంటది. వేరే ఏ లైనుకు చెందని అడ్రస్‌లన్నీ దానికిందికి వస్తయి. ఆ లైనును ఇంటర్నెట్ గేట్‌వే దిక్కు కాకుంట ఫైర్‌వాల్ లోపలి నెట్‌వర్క్ కార్డు దిక్కు తిప్పాలె. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌ల అయితే మనమే ఒక రూట్ రాసి, నెక్స్ట్ హాప్ (తర్వాతి మజిలీ) కాడ వర్చువల్ అప్లయన్స్ అని ఎంచుకొని ఫైర్‌వాల్ ప్రైవేట్ ఐపీ ఇస్తం.

అక్కడితోని అయిపోదు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌ల ప్రతి నెట్‌వర్క్ కార్డుకు సోర్స్ డెస్టినేషన్ చెక్ అని ఒకటి ఉంటది. తన పేరు మీద రాని ప్యాకెట్‌ను (డేటా ముక్కను), తన పేరు మీద పోని ప్యాకెట్‌ను అది పడేస్తది. ఫైర్‌వాల్ చేసే పనే వేరేటోళ్ల ప్యాకెట్లు మోసుడు. అందుకే ఆ చెక్ బంద్ చెయ్యాలె. మర్చిపోతే ప్యాకెట్ ఫైర్‌వాల్ లాగ్‌ల కూడ కనపడది, నువ్వు రూల్ మీద రూల్ మారుస్తనే ఉంటవు. అజూర్‌ల దీనికి ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చెయ్యాలె. గూగుల్ క్లౌడ్‌ల అయితే మిషన్ లేపేటప్పుడే ఐపీ ఫార్వర్డింగ్ టిక్ పెట్టుకునుడు మంచిది.

హోస్ట్: మరి లోపల్లోపల? వెబ్ సర్వర్ నుంచి డేటాబేస్‌కు పోయేది కూడ ఫైర్‌వాల్‌ల నుంచే పోతదా?

అక్క: పోదు. చానమంది ఇక్కడనే దెబ్బతింటరు. ఏడబ్ల్యూఎస్ వీపీసీల, అంటే అక్కడి మన సొంత నెట్‌వర్క్‌ల, లోకల్ అనే రూట్ ఎప్పుడూ ఉంటది, ఒక సబ్‌నెట్ నుంచి ఇంకో సబ్‌నెట్‌కు సీదా పోతయి. 2021 నుంచి సబ్‌నెట్ వారీగ ఇంక కచ్చితమైన రూట్ రాసి ఫైర్‌వాల్ మీదికెల్లి తిప్పే వీలు ఇచ్చిన్రు. గది రాయకపోతే ఒక్క సర్వర్ దొరికినోడికి పక్క సబ్‌నెట్ కూడ దొరికినట్టే, మన ఫైర్‌వాల్‌కు ముచ్చటే తెల్వదు.

హోస్ట్: నీకు బాగ యాదికున్న కేసు ఒకటి చెప్పు అక్కా.

అక్క: మిర్చి సీజన్ల జరిగింది. ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చేటోళ్లు బస్తాలు పెట్టుకునే ఒక కోల్డ్ స్టోరేజీ. ఏ రైతువి ఎన్ని బస్తాలు, ఏ ఛాంబర్ల, కిరాయి ఎంత అనే లెక్కల సర్వర్ క్లౌడ్‌కు మార్చినం. హైదరాబాద్ రీజియన్లనే పెట్టినం, అది 2022 నవంబర్ల మొదలైంది. ముందట పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్. పోర్ట్ 443 మీద, అంటే వెబ్ పేజీల తలుపు మీద, వచ్చేదాన్ని లోపలి సర్వర్‌కు పంపే పోర్ట్ ఫార్వర్డ్ రాసిన. డెస్టినేషన్ కాడ క్లౌడోళ్లు మాకిచ్చిన పబ్లిక్ ఐపీ టైపు చేసిన. రాత్రి 11 దాటింది, పేజీ తెరుచుకుంటలేదు. తెల్లారి 6 గంటలకు బస్తాలు దిగుతయి. బయట రైతులు లారీ మీదనే పండుకున్నరు. చిట్టీ ఇయ్యకపోతే వాళ్ల సరుకు లోపలికి పోదు. నాకు చేతులు వణికినయి, నిజం చెప్తున్న.

హోస్ట్: ఎట్ల దొరికింది?

అక్క: రూల్స్ చూసుడు బంద్ చేసి ప్యాకెట్ క్యాప్చర్ పెట్టిన, అంటే వచ్చే ప్యాకెట్లను పట్టి చూసుడు. వ్యాన్ దిక్కు, అంటే ఇంటర్నెట్ దిక్కు, పోర్ట్ 443 ఒక్కటే. నా ఫోన్ల బ్రౌజర్ కొట్టిన. స్క్రీన్ మీద ఒక సిన్ ప్యాకెట్, అంటే కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్, వచ్చింది. సెకను ఆగి మల్ల అదే. రెండు సెకన్లాగి మల్ల అదే. జవాబు లేదు. అంటే ట్రాఫిక్ ఫైర్‌వాల్ దాకా వస్తున్నది, రూట్ తప్పు లేదు. అప్పుడు డెస్టినేషన్ దిక్కు చూసిన. అక్కడ పబ్లిక్ ఐపీ లేదు. 10.20.0.15 అని ఉన్నది.

హోస్ట్: అంటే ఫైర్‌వాల్ ప్రైవేట్ ఐపీ.

అక్క: అవును. ఏడబ్ల్యూఎస్‌ల పబ్లిక్ ఐపీ అనేది మన మిషన్ మీద ఉండనే ఉండది. ఇంటర్నెట్ గేట్‌వే కాడనే దాన్ని ప్రైవేట్ ఐపీకి మార్చి లోపలికి పంపుతరు. ఫైర్‌వాల్‌కు ఆ పబ్లిక్ నంబరు కనపడనే కనపడది, మరి నా రూల్‌కు ఏ ప్యాకెట్ తగులుతది? డెస్టినేషన్‌ల వ్యాన్ అడ్రస్ అని ఎంచుకున్న, అప్లై కొట్టిన, పేజీ వచ్చింది. తెల్లారి మొదటి చిట్టీ 6 గంటల 10 నిమిషాలకు ఇచ్చిన్రు. అప్పటి నుంచి కొత్త ఫైర్‌వాల్ ఏది పెట్టినా మొదలు క్యాప్చర్ పెట్టి, అది ఏ అడ్రస్ చూస్తున్నదో నా కండ్లతోని చూసినంకనే రూల్ రాస్త.

ఇందుల్నే ఇంకొకటి. పీఎఫ్‌సెన్స్‌ల న్యాట్ (అడ్రస్ మార్చుడు) ముందు అయితది, రూల్ తర్వాత చూస్తది. అందుకే పాస్ రూల్‌ల లోపలి సర్వర్ అడ్రస్ రాయాలె. పాలో ఆల్టో అనే ఇంకో ఫైర్‌వాల్‌ల అయితే సెక్యూరిటీ రూల్‌ల న్యాట్‌కు ముందటి అడ్రస్, న్యాట్ తర్వాతి జోన్ రాయాలె. ఒక దాని మీద నేర్చుకున్న చెయ్యి ఇంకో దాని మీద తప్పు రాస్తది.

హోస్ట్: క్లౌడోళ్లు ఇచ్చే సెక్యూరిటీ గ్రూప్ ఉన్నది, మన ఫైర్‌వాల్ ఉన్నది. ఇంట్ల రెండు తలుపులున్నట్టు. దేంట్ల ఏం రాయాలె?

అక్క: ఫైర్‌వాల్ వ్యాన్ కార్డు మీది సెక్యూరిటీ గ్రూప్‌ల అవసరమైన పోర్టులు మాత్రం తెరువు. లోపలి కార్డు మీద మాత్రం మన సబ్‌నెట్ల నుంచి వచ్చేదంతా తెరువాలె, లేకపోతే ఫైర్‌వాల్ దాకనే రాదు. తీర్పు ఫైర్‌వాల్ చెప్పాలె. ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ గ్రూప్‌ల వద్దు అని రాసే వీలు లేదు, కావాలె అని మాత్రమే రాస్తం, జవాబు దానంతట అదే తిరిగి పోతది. సబ్‌నెట్ మీద ఉండే నెట్‌వర్క్ ఏసీఎల్ అనే ఇంకో రూల్స్ పట్టీ గట్ల కాదు. దానికి యాది ఉండది. 443 లోపలికి రానిస్తే సరిపోదు, జవాబు పోయెతందుకు 1024 నుంచి 65535 దాకా బయటికి కూడ తెరువాలె. నేను చానవరకు ఏసీఎల్‌ను ముట్ట. రెండుకాడ తాళం వేసి మూడోకాడ చెవి పోగొట్టుకునుడు అయితది.

అజూర్‌ల ఒకటి యాదికి పెట్టుకోవాలె. అక్కడి సెక్యూరిటీ గ్రూప్‌ల మన రూల్స్‌కు 100 నుంచి 4096 దాకా నంబర్లు, చిన్న నంబర్ ముందు చూస్తది. అడుగున 65000 నంబర్ మీద వాళ్లే పెట్టిన రూల్ ఉంటది, వర్చువల్ నెట్‌వర్క్ లోపలోళ్లందరు ఒకరితోని ఒకరు మాట్లాడుకోవచ్చు అని. మనం దానికన్నా ముందట అడ్డం పెట్టకపోతే లోపల దర్వాజలన్నీ బార్లా ఉన్నట్టే.

హోస్ట్: రెండు ఫైర్‌వాల్‌లు పెట్టినోళ్లకు కనెక్షన్ మధ్యల తెగుతది అంటరు కదా.

అక్క: పోయేది ఒకదాంట్ల, వచ్చేది ఇంకోదాంట్ల పడితే అంతే. ఫైర్‌వాల్ సిన్ చూసినప్పుడు యాదికి రాసుకుంటది. జవాబు రెండో ఫైర్‌వాల్ కాడికి పోతే, దానికి ఈ ముచ్చట తెల్వది, పడేస్తది. పింగ్ పోతది, చిన్న పేజీ ఒక్కోసారి వస్తది, ఒక్కోసారి రాదు, మనిషికి పిచ్చి లేస్తది. ఏడబ్ల్యూఎస్‌ల నెట్‌వర్క్‌లను కలిపే ట్రాన్సిట్ గేట్‌వేల అప్లయన్స్ మోడ్ అని ఉంటది, అది ఆన్ చేస్తే ఒక కనెక్షన్‌కు రెండు దిక్కులా ఒకటే ఫైర్‌వాల్ తగులుతది. లేదంటే ఫైర్‌వాల్ కాడ సోర్స్ న్యాట్ చెయ్యాలె, కాని అప్పుడు సర్వర్ లాగ్‌ల అందరు ఫైర్‌వాల్ పేరు మీదనే వచ్చినట్టు కనపడతరు, అసలు మనిషి ఎవలో పోతది. నేను మొదటి పద్ధతే పట్టుకుంట.

హోస్ట్: లోపలికి వచ్చేదాని గురించే మాట్లాడుతున్నం. బయటికి పోయేది?

అక్క: నా బాధంతా దాని మీదనే తమ్మీ. సెక్యూరిటీ గ్రూప్ కొత్తగ చేస్తే బయటికి అంతా తెరిచే ఉంటది. ఎవలూ ముట్టరు. దొంగ లోపలికి వచ్చినంక చేసేది బయటికి మాట్లాడుడే కదా. డేటాబేస్ సర్వర్‌కు ఇంటర్నెట్‌తోని ఏం పని? అప్‌డేట్లకు ఒక రెపోజిటరీ, టైముకు ఒక ఎన్‌టీపీ, అంతే. వాటికి రూల్ రాసి, మిగతాది ఆపి, ఆపినదాన్ని లాగ్ చెయ్యాలె. మొదటి వారం ఆ లాగ్ చదవాలె. చదివితేనే ఆ సర్వర్ రోజంతా ఎవలెవలతోని మాట్లాడుతున్నదో తెలుస్తది.

ఇంకొకటి, ఏడబ్ల్యూఎస్‌ల రెండు దారులు మన ఫైర్‌వాల్‌కు అస్సలు కనపడయి. ఒకటి 169.254.169.254, మెటాడేటా అడ్రస్, సర్వర్ తాళాలు దాంట్ల నుంచి దొరుకుతయి. అందుకే దాని రెండో వెర్షనే వాడాలె, టోకెన్ లేంది ఇయ్యది. ఇంకోటి వాళ్ల సొంత డీఎన్‌ఎస్, సైటు పేరుకు ఐపీ చెప్పేది. దానికి పోయే ప్రశ్నలు సెక్యూరిటీ గ్రూప్‌ల ఆగయి, ఫ్లో లాగ్‌ల రావు. డీఎన్‌ఎస్ మాటున డేటా బయటికి తోలెటోళ్లకు అదే కావాలె. దానికి రిజాల్వర్ కాడ డీఎన్‌ఎస్ ఫైర్‌వాల్ అని వేరేగ ఉన్నది, అది పెట్టుకోవాలె.

హోస్ట్: ఫైర్‌వాల్ అడ్మిన్ పేజీ ఎక్కడి నుంచి తెరుస్తవు?

అక్క: వీపీఎన్ (తాళమేసిన సొంత దారి) లోపలి నుంచే. 22, 3389 (దూరం నుంచి సర్వర్‌ల లాగిన్ అయ్యే పోర్టులు), అడ్మిన్ పేజీ, ఇవి మూడు ప్రపంచానికి తెరువద్దు. "మా ఇంటి ఐపీ ఒక్కటే పెట్టిన" అంటరు. ఇంటి ఐపీ మారుతది. ఫోన్ హాట్‌స్పాట్ అయితే ఒక్క పబ్లిక్ ఐపీ వెనుక ఎంతోమంది ఉంటరు. నేను ఒకసారి కాజీపేటల బండెక్కి హాట్‌స్పాట్ మీద గసొంటి రూల్ మార్చిన. కొద్దిదూరం పోయేసరికి ఐపీ మారింది, నా తలుపు నాకే మూసుకపోయింది. సీరియల్ కన్సోల్ (నెట్‌వర్క్ లేకున్నా మిషన్‌లకు పోయే దారి) ఆన్ చేసి పెట్టుకున్న కాబట్టి దాంట్ల నుంచి పోయి పాత కాన్ఫిగ్ తిరిగి పెట్టిన. ఇప్పుడు ఏది మార్చినా ముందుగల్ల బ్యాకప్ ఫైల్ దించుకుంట.

హోస్ట్: లాగ్‌లు ఎన్ని రోజులు పెట్టాలె?

అక్క: సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. లాగ్‌లు 180 రోజులు మన దేశంల ఉంచాలె, ఏదన్నా దాడి జరిగిందని తెలిసినంక 6 గంటల్ల వాళ్లకు చెప్పాలె. ఫైర్‌వాల్ డిస్క్ మీద వదిలేస్తే చిన్న మిషన్‌ల వారానికే నిండి పాతయి చెరిగిపోతయి. బయటికి పంపి స్టోరేజీల పెట్టు.

హోస్ట్: రూల్స్‌కు పేర్లు పెట్టుడు గురించి నువ్వు ఇందాక బయట చెప్పినవు, అది చెప్పు.

అక్క: ప్రతి రూల్ కింద డిస్క్రిప్షన్ డబ్బా ఉంటది. అందరు ఖాళీగ పెడతరు. నేను మూడు రాస్త. ఎవలు అడిగిన్రు, ఎందుకు, ఎన్నటి దాకా. కోల్డ్ స్టోరేజీ ఫైర్‌వాల్‌ల 38 రూల్స్ ఉండె. ఒక్కొక్కదాని మీద కూసొని అడిగితే 15 ఎందుకున్నయో ఎవలకూ తెల్వది. హిట్ కౌంటర్ చూసినం, 11 రూల్స్‌కు ఒక్క ప్యాకెట్ తగల్లేదు. వాటిని వెంటనే తీయలె. సీజన్ల మాత్రమే వాడేటియి ఉంటయి కదా, అందుకే ఒక సీజన్ పూర్తిగ గడిచేదాక డిసేబుల్ చేసి పెట్టినం. రెండు మల్ల కావాల్సి వచ్చినయి, తూకం కాంటకు సంబంధించినయి. మిగతా 9 తీసేసినం.

హోస్ట్: ఇప్పుడు ఆ ఫైర్‌వాల్‌ల తాత్కాలికం అని ఏదన్నా ఉన్నదా?

అక్క: ఒకటున్నది. లెక్కల సాఫ్ట్‌వేర్ చేసినాయన రిపోర్ట్ ఫార్మాట్ మారుస్త అంటే, ఆయన ఆఫీసు ఐపీ ఒక్కదానికి, టెస్ట్ సర్వర్ పోర్ట్ ఒక్కదానికి 10 రోజులు తెరిచిన. డబ్బాల తేదీ రాసి పెట్టిన. ఇవాళే ఆఖరు. పొద్దుగాల ఫోన్ చేసిన, పని అయిపోయింది అన్నడు. ఇంటికి పోంగనే తీసేస్త.

హోస్ట్: ఇక్కడి నుంచే తీసెయ్యి అక్కా, ల్యాప్‌టాప్ ఉన్నది కదా. రికార్డింగ్ ఆపుతున్న.

అక్క: ఆగు, వీపీఎన్ కలవనీ. ముందుగల్ల బ్యాకప్ దించుకోవాలె.